తాతయ్య కోసం ఇంకా జపం ఎందుకు?

మా చిట్టితల్లికీ చిన్నోడికీ,

పెదనాన్న దీవెనలు. "తాతయ్య దేవుడి దగ్గరికి వెళ్ళిపోయారని మీరే చెప్పారు కదా, మరి నవంబర్ 2న, చనిపోయినవాళ్ళని తలచుకునే రోజున, మళ్ళీ చర్చిలో ఆయన కోసం పూజ ఎందుకు?" అని చిట్టి మొన్న ఫోన్లో అడిగింది. వెనక నుంచి చిన్నోడు "అదే కదా!" అనడం కూడా వినపడింది. ఇది ఫోన్లో తేలే ప్రశ్న కాదు. ఫాదర్ గారిని అడిగితే, చనిపోయినవాళ్ళ ఆత్మలు పరలోకం చేరే ముందు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం గురించి సత్యోపదేశంలో, అంటే మన మతబోధలో, ఉన్నది ఉన్నట్టు చెబుతారు. నేను నాకు చేతనైనట్టు చెబుతాను.

వానలో రోజంతా పనిచేసి ఇంటికొచ్చిన మనిషిని ఊహించుకోండి. మోకాళ్ళ దాకా బురద. తలుపు తెరిచే ఉంది. లోపల దీపం, తన వాళ్ళ మాటలు. ఎవరూ ఆపడం లేదు. అయినా అతను గడప దగ్గరే ఆగిపోతాడు. ఆ కాళ్ళతో లోపలికి రావడానికి అతనికే మనసొప్పదు. ఇల్లు చేరాడా అంటే చేరాడు, ఇక వెళ్ళగొట్టేవాళ్ళు లేరు. కడుక్కోవడమే మిగిలింది. చేతులకీ బురదే, చెంబు ఎలా పట్టుకుంటాడు? ఇంట్లోంచి ఒక పిల్లో పిల్లాడో వచ్చి నీళ్ళు పోయాలి. మన జపం ఆ చెంబుడు నీళ్ళు. వేళ్ళ సందుల్లో ఎండిన మట్టి ఒక పట్టాన వదలదు, మడమ పగుళ్ళలోది అసలే వదలదు. ఇంకో చెంబు, మరో చెంబు, అతను గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి... ఇంకాస్త లాగితే సబ్బు ఎవరిచ్చారని చిన్నోడు అడుగుతాడు. ఆపేస్తాను.

తాతయ్యకి బురదేమిటి, సమాధి దగ్గర అందరూ ఆయన్ని సెయింటు అన్నారు కదా అంటారేమో. అన్నారు. నాకది అంతగా నచ్చలేదు. మా నాన్న మంచి మనిషే, కానీ ముక్కు మీద కోపం. ఆదివారం పూజకి ఐదు నిమిషాలు ఆలస్యమయ్యేలా ఉంటే చెప్పులు తొడుక్కుంటూనే ఇల్లు అదరగొట్టేసేవారు. అరగంట తర్వాత అదే మనిషి గుళ్ళో మోకాళ్ళ మీద, పిల్లాడిలా కళ్ళు మూసుకుని. ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి మాత్రం నెల తప్పేవారు కాదు. "నేను పోయాక నన్ను పొగడకండి, పూజ పెట్టించండి" అని మాకు ఎన్నోసార్లు చెప్పారు. అందరూ సెయింటు అనేసి చేతులు దులుపుకుంటే ఆయన కోసం జపం చేసేదెవరు?

మనమేమీ కొత్తగా మొదలుపెట్టలేదు. బైబిల్లో మక్కబీయుల రెండవ గ్రంథం తీసి చూడండి. యూదా అనే వీరుడు యుద్ధంలో చనిపోయిన తన సైనికుల పాపాల కోసం బలి అర్పించమని చందాలు పోగుచేసి యెరూషలేముకు పంపిస్తాడు. నవంబర్ 2 అనే తేదీ వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సులోని క్లూనీ మఠంలో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో లెక్కలేనంత మంది చనిపోతుంటే, 1915లో పోపు 15వ బెనెడిక్టు ఆ ఒక్క రోజు ప్రతి ఫాదరూ మూడు పూజలు చేయవచ్చని అనుమతిచ్చారు. మీ తాతయ్య మూడింటికీ ఉండేవారు, మమ్మల్నీ ఉంచేవారు. మూడో పూజకి నేను చనిపోయినవాళ్ళ గురించి కాదు, నా మోకాళ్ళ గురించి ప్రార్థించేవాణ్ణి.

మోకాళ్ళంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు రాత్రి అన్నాలకు ముందు జపమాల. మరియమ్మకి చెప్పే మంగళవార్త జపాలు 53, ఆకలితో. నేనూ మీ నాన్నా పందెం వేసుకుని, "దేవ వరప్రసాదము" అని తాతయ్య మొదలుపెట్టగానే మేం "ఆమెన్" దగ్గర ఉండేవాళ్ళం. ఆయన కళ్ళు తెరవకుండానే "మొదటి పూస నుంచి" అనేవారు. మూడో దేవరహస్యానికి, అంటే మూడో పది పూసలకి, నేను కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోయేవాణ్ణి. ఒక్క పూసా తప్పకుండా భుజం నా తల కిందికి జరిపేవారు. ఆ చొక్కా నిండా రంపపు పొట్టు వాసన.

అవును, మీ తాతయ్య వడ్రంగి. యేసుని పెంచిన వడ్రంగి యోసేపు గారంటే ఆయనకి ప్రాణం. సువార్తల్లో ఆ యోసేపు ఒక్క మాటా మాట్లాడరు, గమనించారా? తనకి మాట ఎక్కువనే మా నాన్న ఆయన్ని పట్టుకున్నారని నా అనుమానం. 1962లో పోపు 23వ జాన్ పూజలోని ముఖ్య ప్రార్థనలో యోసేపు పేరు చేర్చారని తెలిసిన రోజు, "పూజలో మా వడ్రంగాయన పేరెక్కింది" అని కనపడ్డవాళ్ళకల్లా చెప్పారు.

ఇక్కడ మనం పోసే నీళ్ళు అక్కడికి ఎలా చేరతాయన్నది మాత్రం నన్ను అడగకండి. అది తలచుకున్నప్పుడు మీ తాతయ్య కూడా నోరు మూసుకునేవారు. ఆయన నోరు మూసుకునే విషయాలు చాలా తక్కువ.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. నాయనమ్మ అలమారలో ఆయన జపాల పుస్తకం ఉంది, అట్ట ఊడితే కొబ్బరి పీచు రంగు దారంతో ఆయనే కుట్టుకున్నారు. వెనక ఖాళీ పేజీల్లో పేర్లుంటాయి. నీలం సిరా, నల్ల సిరా, పెన్సిలు, చివరికి వచ్చేసరికి వణికిన అక్షరాలు. చనిపోయిన మనవాళ్ళవీ, తెలిసినవాళ్ళవీ. నవంబరంతా రోజూ చదివేవారు. అందులో ఒక పేరు చూసి నేను ఆశ్చర్యపోయాను. నాన్న చేత గుమ్మాలూ కిటికీలూ చేయించుకుని కూలి ఎగ్గొట్టిన మనిషిది. "ఇతనెందుకు?" అని అడిగితే, "వాడి మీద కోపం పోలేదురా, అందుకే రాసుకున్నా" అన్నారు. మీరిద్దరూ నిన్న మాట్లాడుకోవడం మానేశారట. ఈ మాట మీకోసమే ఎత్తానని అనుకోకండి, అనుకున్నా ఫర్వాలేదు.

నవంబర్ 1 నుంచి 8 లోపు సమాధుల తోటకి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్ళండి. ఒకరు పేరు చదివితే ఇంకొకరు "ప్రభువా, నిత్య విశ్రాంతి దయచేయండి" అనండి. తెలియని పేర్లు నాయనమ్మని అడగండి, ఆమెకి అందరూ గుర్తే. చివరి పేరు కింద తాతయ్య పేరు ఇంకా ఎవరూ రాయలేదు. చిట్టి దస్తూరీ బాగుంటుంది, తనే రాయాలి. బాల్ పెన్నుతో రాయండి, ఆ కాగితం మీద సిరా పాకిపోతుంది. కింద కాస్త చోటు వదలండి, నాక్కూడా కావాలి.

మీ పెదనాన్న