దవడ సర్జరీ అంటే అసలు ఏం చేస్తారు, తర్వాత ఏమవుతుంది?

దవడ సర్జరీ అనగానే మన ఇళ్ళల్లో ముందు వచ్చే ప్రశ్న, ముఖం మీద కుట్లు కనపడతాయా అని, పెళ్ళి కావాల్సిన పిల్లలైతే మరీను. కనపడవండీ, దాదాపు కోతలన్నీ నోటి లోపలే పెడతారు, ఒక్కోసారి ఎముకకి స్క్రూ బిగించడానికి చెంప మీద చిన్న గాటు పెట్టాల్సి వస్తుంది, అంతే. అసలు అడగాల్సింది ఎంత కాలం పడుతుంది అని. ఆపరేషన్ కొన్ని గంటల్లో అయిపోతుంది కానీ పళ్ళకి క్లిప్పులు వేసిన రోజు నుంచి తీసేసే రోజు దాకా చాలామందికి రెండేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ మధ్యలో ఎప్పుడు ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది ఎవరికి చేస్తారంటే, కింది దవడ బాగా ముందుకో వెనక్కో ఉన్నవాళ్ళకి, ముఖం ఒక పక్కకి తిరిగినట్టు ఉన్నవాళ్ళకి, నోరు మూసినా ముందు పళ్ళు కలవక దోసె ముక్క కూడా కొరకలేనివాళ్ళకి, కొంతమందికి నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియాకి కూడా. ఉత్త క్లిప్పులతో సరిపోదా అంటే, క్లిప్పులు ఎముకలో ఉన్న పళ్ళని జరుపుతాయి గానీ ఎముకనే జరపలేవు కదా. పైగా పెరుగుదల ఆగాకే చెయ్యాలి, ముఖం ఎముకల్లో కింది దవడ పెరుగుదల అన్నిటికంటే ఆలస్యంగా ఆగుతుంది కాబట్టి మగపిల్లలకి 18 దాటేదాకా, అవసరమైతే ఇంకా కొన్నాళ్ళు ఆగమంటారు.

ఇక్కడ చాలామంది కంగారు పడే విషయం ఒకటుంది. సర్జరీకి ముందు సుమారు 12 నుంచి 18 నెలలు క్లిప్పులు వేస్తారు, ఆ నెలల్లో పళ్ళు బాగుపడకపోగా ఇంకా అన్యాయంగా కనపడతాయి. ఎందుకంటే దవడలు కుదరనప్పుడు ఆ తేడాని పళ్ళు తమంతట తామే సర్దుకుంటూ వచ్చాయి, కింది దవడ ముందుకొచ్చిన వాళ్ళకి కింది పళ్ళు లోపలికి వాలతాయి, పై పళ్ళు బయటికి వాలతాయి. ఆర్థోడాంటిస్ట్, అంటే క్లిప్పులు వేసే పళ్ళ డాక్టర్, ఆ వాలుని తీసేసి పళ్ళని వాటి ఎముక మీద నిటారుగా నిలబెడతారు, దాంతో దాగి ఉన్న తేడా మొత్తం బయటపడుతుంది, కొరుకుడు ఇంకా కష్టమవుతుంది, డబ్బు కట్టి చెడగొట్టించుకున్నామా అని అమ్మానాన్నలు బాధపడతారు. అది చెడిపోవడం కాదు, పళ్ళు సరైన చోట నిలబడితేనే సర్జన్ ఎముకని జరపాల్సినంత జరపగలుగుతారు. ఈ టైంలోనే జ్ఞానదంతాలు ఉంటే ముందే పీకించుకోమని చాలామంది సర్జన్లు చెప్తారు, కింది దవడ కోత సరిగ్గా అక్కడే పడుతుంది మరి.

ఇక ఆపరేషన్. మత్తు ట్యూబు నోట్లోంచి కాకుండా ముక్కులోంచి పెడతారు, పళ్ళు మూసి సరిగ్గా కూర్చున్నాయో లేదో మధ్యలో చూసుకోవాలి కాబట్టి. పై దవడని ముక్కు కింద అడ్డంగా కోసి మొత్తం కదిలేలా చేస్తారు, దీన్ని లఫోర్ట్ 1 అంటారు. రెనే లఫోర్ట్ అనే ఫ్రెంచ్ సర్జన్ శవాల తలల మీద దెబ్బలు వేసి ముఖం ఎముకలు ఏ గీతల వెంట విరుగుతాయో 1901లో రాశాడు, ఆ పేరే నిలిచిపోయింది. అంత ఎముకని విడదీస్తే రక్తం అందక చచ్చిపోదా అన్న అనుమానం డాక్టర్లకీ ఉండేది, అంగిలి, అంటే నోటి పైకప్పు వైపు కండ నుంచి రక్తం అందుతూనే ఉంటుందని అమెరికాలో విలియం బెల్ అనే సర్జన్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి, ఆ తర్వాతే ఇది ధైర్యంగా చెయ్యడం మొదలైంది. కింది దవడకి 1957లో ట్రౌనర్, ఒబ్వెగెసర్ అనే సర్జన్లు ప్రచురించిన పద్ధతి మీద వచ్చినవే వాడుతున్నారు, ఎముకని అడ్డంగా నరకకుండా నిలువునా రెండు పొరలుగా చీలుస్తారు, అప్పుడు అగ్గిపెట్టె తెరిచినట్టు ఒక పొర మీద ఇంకోటి జారుతుంది, జరిపాక కూడా ఎముకకి ఎముక తగులుతూనే ఉంటుంది కాబట్టి బాగా అతుక్కుంటుంది. తర్వాత చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు, ఇబ్బంది పెట్టకపోతే అవి జీవితాంతం అలాగే ఉంటాయి. పాత రోజుల్లో పై పళ్ళకి కింది పళ్ళకి తీగ కట్టి వారాల తరబడి నోరు మూసేసేవారు, ఇప్పుడు ఎక్కువమందికి క్లిప్పులకి తగిలించే రబ్బర్ బ్యాండ్లే.

మెలకువ వచ్చాక ముక్కు బిగుసుకుపోయి, గొంతు మంటగా, నోట్లోంచి చొంగ కారుతూ ఉంటుంది, ఉమ్మిలో కొంచెం రక్తం కూడా. వాపు మొదటి రోజుకంటే రెండు మూడు రోజులకి బాగా పెరుగుతుంది, ఈ మాట ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మూడో రోజు ముఖం చూసి ఏదో తేడా కొట్టిందని ఏడుస్తారు. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుంది, మిగిలిన కాస్త పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. పై దవడ కదిపితే రెండు వారాలైనా ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. ఊపిరి అందకపోయినా, ఆగకుండా రక్తం కారినా, జ్వరమొచ్చి వాపు మళ్ళీ పెరిగినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి.

తిండి మొదట్లో అంతా ద్రవమే, పల్చటి రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, సపోటా మిల్క్‌షేక్. చారు పోసేముందు వడకట్టండి, ఆవాలు, కరివేపాకు కుట్ల దగ్గర ఇరుక్కుంటాయి. తర్వాత నమలక్కర్లేకుండా మెత్తగా మెదిపిన పెరుగన్నం లాంటివి, అవి కూడా డాక్టర్ సరేనన్నాకే. సుమారు ఆరు వారాలు నమలొద్దంటారు, ఎముక అతుక్కునేదాకా బరువంతా ఆ సన్నటి ప్లేట్ల మీదే ఉంటుంది. కొన్ని కిలోలు తగ్గడం మామూలే కానీ మరీ తగ్గిపోతే గాయం మానదు, అందుకే గంట గంటకీ కొంచెం కొంచెం పట్టించాలి.

మొదటి వారాల్లో దిగులు కూడా వస్తుంది, ఆకలి, నిద్రలేమి, మాట సరిగ్గా రాకపోవడం, అద్దంలో తనది కాని ముఖం, ఇవన్నీ కలిసి ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తుంది. ఇది చాలామందికి వచ్చేదే, వాపుతో పాటు తగ్గుతుంది, అప్పటిదాకా మనిషిని ఒంటరిగా వదలకండి.

మిగిలింది తిమ్మిరి. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలి నుంచే వెళ్తుంది, ఎముకని చీల్చేటప్పుడు అది తెగకపోయినా సాగుతుంది, నలుగుతుంది. మూతి కదులుతుంది, నవ్వొచ్చు, కానీ తాకితే తెలియదు, వేడి కాఫీ ఒలికినా తెలియదు కాబట్టి గోరువెచ్చగా చూసుకునే ఇవ్వండి. చీమలు పాకినట్టో షాక్ కొట్టినట్టో మొదలైతే అది నరం కోలుకుంటున్న గుర్తు, వారాల నుంచి ఏడాది దాకా పట్టొచ్చు. కొంతమందికి మాత్రం కొంచెం తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోతుంది, వయసు ఎక్కువైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. సంతకం పెట్టే ముందు మీ సర్జన్‌ని కూర్చోబెట్టి అడగండి, నా స్కాన్‌లో ఆ నరం ఎక్కడుంది, కోత పడే చోటికి ఎంత దగ్గర, మీరు చేసినవాళ్ళలో ఎంతమందికి ఏడాది తర్వాత కూడా తిమ్మిరి మిగిలింది అని.