నిఘా డ్రోన్‌కు బాంబు కడితే సరిపోతుందా?

హన్మకొండ

బన్నీకి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

“మన నిఘా డ్రోన్‌కు బాంబులు కడితే అయిపోదా తాతా?” అని బన్నీ అడిగాడు కదా. ఫోన్‌లో చెప్తే సగం వినపడదు, అందుకే రాస్తున్నా.

మన పత్తి చేన్లలో మందు కొట్టే డ్రోన్ పావుగంట ఎగిరిందో లేదో, దింపి బ్యాటరీ మార్చాలి. సైన్యానికి కావాల్సింది రోజంతా పైనే ఉండి కాపలా కాసేది. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు బెంగళూరులో ఉన్న ల్యాబ్ ఏడీఈ అలాంటిదే తయారుచేసింది. మొదట రుస్తుం-2 అన్నారు, తర్వాత తపస్. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 20 మీటర్ల పైమాటే. 2016 నవంబర్‌లో కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర తొలిసారి ఎగిరింది.

అడిగింది 30 వేల అడుగుల ఎత్తు, 24 గంటల సమయం. 28 వేల అడుగులు, 18 గంటల దాకా వచ్చింది. ఇంకెంత, కాస్తే కదా అనుకుంటారు. ఆ కాస్తే కష్టం బిడ్డా! పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ బలం తగ్గుతుంది. ఎక్కువసేపు ఉండాలని ఇంధనం పెంచితే బరువు పెరుగుతుంది, ఆ బరువు మోయడానికే మళ్లీ ఇంధనం. ఇక రెక్క కింద క్షిపణి వేలాడదీస్తే అంత ఇంధనం తగ్గించుకోవాలి, గాలి కూడా వెనక్కి లాగుతుంది. అమెరికా వాళ్ల ప్రిడేటర్ డ్రోన్ 1995లో బోస్నియా మీద నిఘాకే వెళ్లింది, దాని నుంచి క్షిపణి పేల్చి చూసింది 2001లో. ఎక్కువ ఆయుధాలు మోయడానికి పెద్ద ఇంజిన్‌తో రీపర్ అనే డ్రోన్‌ను వేరేగా కట్టుకున్నారు.

తపస్ 2019లో, 2023లో పొలాల్లో కూలింది. పేపర్లలో అదే పెద్దగా వచ్చింది. నాకు మాత్రం 2023 జూన్ పరీక్ష ముఖ్యం. చిత్రదుర్గలో లేచిన డ్రోన్ పగ్గాలను సముద్రంలో ఉన్న మన నౌకాదళ ఓడ ఐఎన్ఎస్ సుభద్ర అందుకుని, 40 నిమిషాలు నడిపి, తిరిగి ఇచ్చేసింది. అయినా 2024లో ఆ ప్రాజెక్టును మిషన్ మోడ్ నుంచి, అంటే గడువు పెట్టి ముందు వరుసలో నడిపే పనుల నుంచి తప్పించారని వార్తలొచ్చాయి. అదే అక్టోబర్‌లో అమెరికా నుంచి 31 డ్రోన్లకు ఒప్పందమైంది. డబ్బుతో డ్రోన్లొస్తాయి గానీ, చేసే చేయి రాదని నా గొడవ.

ఇంకోటి. అంతెత్తు నుంచి మనిషి భుజం మీద ఉన్నది పారో తుపాకో తేల్చాలి. నిఘాలో పొరబడితే ఒక తప్పు రిపోర్టు, అంతే. క్షిపణి ఉంటే ఒక ప్రాణం. అందుకే మీట నొక్కే అధికారం ఎవరిదన్నది ఇంజిన్ కంటే పెద్ద చిక్కు.

చిన్నీ, నీకో లెక్క. డ్రోన్‌ను నడిపే రేడియో సిగ్నల్ తిన్నగా పోతుంది, భూమేమో గుండ్రం. ఓడ పగ్గాలు అందుకున్న రోజు తపస్ ఎగిరింది 20 వేల అడుగుల ఎత్తులో. అక్కడి నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా నేల కనపడుతుంది? భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, పైథాగరస్ చాలు. చేసి పంపు.

మీ తాతయ్య