నావ్‌టెక్స్ సెట్టు గురించి మన హార్బర్‌లో తిరిగే అపోహలు - అసలు సంగతులు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు, పోర్టు వైపు టగ్గులకు వీహెచ్‌ఎఫ్ (మాట్లాడుకునే రేడియో) సెట్లు, జీపీఎస్‌లు, లోతు చూపే ఎకో సౌండర్లు బిగించడం, బాగుచేయడం నా పని. "నావ్‌టెక్స్ పోయింది, కొత్తది ఎంతవుద్ది?" అని ఫోన్ చేసేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, డబ్బు తీయొద్దు, నేనొచ్చి చూస్తాను అని. ఎందుకంటే సెట్టు లోపల పోవడం నేను చాలా తక్కువ చూశాను. తప్పు వైరులో ఉంటుంది, కనెక్టర్‌లో ఉంటుంది, లేదా అదే బోటులో వెలుగుతున్న లైట్లో ఉంటుంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒడ్డు మీది స్టేషన్లు 518 కిలోహెర్ట్జ్ మీద తుఫాను హెచ్చరికలు, దారిలో ప్రమాదాలు, గల్లంతైన బోట్ల గాలింపు సమాచారం అక్షరాల రూపంలో పంపుతాయి, సెట్టు వాటిని పట్టి తెర మీదో కాగితం మీదో చూపిస్తుంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులు, ఆ పైన ఓడలకు ఇది తప్పనిసరి. మన మరపడవలకు కాదు, కానీ రోజుల తరబడి లోపలికి పోయే బోటుకి ఇది ఉండాలనే నేను గట్టిగా చెబుతాను.

అపోహ: ఫోన్లో వాతావరణం యాప్ ఉంది, ఇదెందుకు?

డాల్ఫిన్ నోస్ కొండ వెనక మసకబారేసరికి ఫోన్లో గీతలు ఒక్కొక్కటే పోతాయి, ఆ తర్వాత యాప్ చూపించేది పొద్దున్న దింపుకున్న పాత కబురే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు ఊళ్ళో ఇంట్లో కూర్చున్నవాళ్ళకే ఫోన్లు పలకలేదు, ఇక సముద్రంలో చెప్పేదేముంది. నావ్‌టెక్స్‌కి సెల్ టవరుతో పని లేదు, రీఛార్జి లేదు. స్టేషన్ని బట్టి 250 నుంచి 400 నాటికల్ మైళ్ళ దాకా అందుతుంది, మనకి బాగా దగ్గరగా ఉన్న స్టేషన్ కాకినాడ పక్కన వాకలపూడి, ఇక్కణ్ణుంచి సుమారు 70 మైళ్ళే.

అపోహ: యాంటెన్నా ఎంత ఎత్తున కడితే అంత బాగా పలుకుతుంది.

వీహెచ్‌ఎఫ్‌కి ఇది నిజం, అందుకే అందరికీ ఈ నమ్మకం. 518 మాత్రం చూపు మేరకే ఆగిపోయే రకం కాదు, నీటి ఒంపు పట్టుకుని పాకుతూ వస్తుంది. కాబట్టి మాస్టు కొసన రాడార్ పక్కన, వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకి ఆనించి కట్టేకంటే వీల్‌హౌస్ పైకప్పు మీద ఖాళీగా ఉన్న మూల మేలు. మిగతా యాంటెన్నాలకి కనీసం ఒక మీటరు ఎడం ఇవ్వండి, కేబుల్‌ని కరెంటు వైర్ల కట్టతో కలిపి లాగొద్దు. ఇంకో సంగతి, పొడవాటి కడ్డీ రకం యాంటెన్నాకి మంచి ఎర్త్ కావాలి, ఫైబర్ బోటులో అది కుదరడం కష్టం. చిన్న పుట్టగొడుగులా ఉండే లూప్ రకానికి ఎర్త్ గొడవ అంతగా లేదు, రొద కూడా తక్కువ పడుతుంది. నన్నడిగితే ఫైబర్ బోటుకి లూపే.

అపోహ: అక్షరాల మధ్య స్టార్ (*) గుర్తులు పడుతున్నాయంటే సెట్టు పోయినట్టే.

ఎక్కువ బోట్లు అనవసరంగా ఖర్చుపెట్టేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. స్టేషన్ ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు పంపుతుంది. రెండుసార్లూ సరిగ్గా అందకపోతేనే సెట్టు ఆ చోట స్టార్ వేస్తుంది. అంటే సెట్టు అబద్ధం చెప్పకుండా తన పని చేస్తోందన్నమాట, దాని చెవి దగ్గర ఎవరో గోల చేస్తున్నారు, అంతే.

ఓ ట్యూనా బోటు యజమాని అప్పటికే ఒక సెట్టు మార్చేశారు, కొత్తదానిలోనూ సగం స్టార్లే. నేను వెళ్ళేసరికి నాలుగు కావస్తోంది. వాకలపూడి నాలుగు గంటలకోసారి పలుకుతుంది, మన టైము ప్రకారం తెల్లవారుజామున 4:10, ఉదయం 8:10, మధ్యాహ్నం 12:10, సాయంత్రం 4:10, రాత్రి 8:10, అర్ధరాత్రి 12:10. నా సంచిలో ఎప్పుడూ ఒక పాత పాకెట్ రేడియో ఉంటుంది, మనమంతా ఆకాశవాణి విశాఖ 927 విన్న మీడియం వేవ్ రకం. ముల్లుని బాగా కిందికి, 530 దగ్గరికి తిప్పితే 518కి పక్కింట్లో ఉన్నట్టే. బోటులో బ్రేకర్లన్నీ దించేసి రేడియో పెడితే సన్నగా సుయ్‌మంది. ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వచ్చాను. జీపీఎస్ ఎత్తితే ఏమీ లేదు, సౌండర్ ఎత్తితే టిక్కు టిక్కు, వీల్‌హౌస్ ఎల్‌ఈడీ పట్టీ లైట్లు ఎత్తగానే రేడియో ఝుయ్‌మని అరిచింది. డ్రైవరు బిత్తరపోయి "ఏటి బాబూ, లైటు రేడియోని పాడుసేత్తాదా?" అన్నాడు. లైటు ఆపేసి 4:10 దాకా ఆగాం. ఒక్క స్టార్ లేకుండా వరసగా లైన్లు దిగాయి. ఆ చవకరకం లైట్లు మార్చి, వాటి వైర్లకి ఈ గోలని అణిచే ఫెరైట్ రింగులు తొడిగి, యాంటెన్నాని అవతలి మూలకి జరిపాను. తీసేసిన పాత సెట్టు ఇప్పుడు ఇంకో బోటులో శుభ్రంగా పనిచేస్తోంది.

ఇదే పరీక్ష ఇంజను వేసి కూడా చేయండి. రేస్ పెంచేకొద్దీ రేడియోలో ఈల సన్నబడుతూ పైకి పోతే అది ఆల్టర్నేటర్. బ్యాటరీ చార్జర్, ఇన్వర్టర్ కూడా అనుమానించాల్సినవే. జెట్టీ దగ్గర మాత్రం తొందరపడి తీర్పు చెప్పొద్దు, ఒడ్డు మీది మోటార్లు, లైట్ల గోల కూడా అక్కడ కలుస్తుంది. బార (హార్బర్ ముఖద్వారం) దాటి కాస్త బయటికి వెళ్ళి చూశాకే మాట్లాడాలి.

అపోహ: సెల్ఫ్ టెస్ట్ ఓకే అంటే అంతా బాగున్నట్టే.

ఆ టెస్టు సాధారణంగా సెట్టు లోపలి సంగతే చెబుతుంది. యాంటెన్నా కేబుల్ తెగి వేలాడుతున్నా ఓకే అనే సెట్లు ఉన్నాయి. ఈ యాంటెన్నాల్లో చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది, దానికి కరెంటు అదే కేబుల్‌లో సెట్టు నుంచే పోతుంది. అందుకని యాంటెన్నా చివర కనెక్టర్ విప్పి, మధ్య పిన్నుకి, బయటి అల్లికకి మల్టీమీటర్ పెట్టి మాన్యువల్‌లో రాసిన వోల్టేజీ వస్తోందో లేదో చూడండి. రాకపోతే పైన కూర్చున్నది యాంటెన్నా కాదు, ప్లాస్టిక్ డబ్బా. మన ఉప్పుగాలికి, యాంటెన్నా కేబుల్ చివర ఉండే పీఎల్-259 కనెక్టర్ విప్పితే చాలాసార్లు కనబడేది పచ్చటి చిలుము. బయట టేపు కొత్తగా మెరుస్తున్నా లోపల రాగి అల్లిక నల్లబడి, వేలితో నలిపితే పొడిగా రాలుతుంది. అలాంటప్పుడు కొత్త కనెక్టర్ ఒక్కటే వేసి లాభం లేదు, మెరిసే రాగి కనబడేదాకా కేబుల్ కత్తిరించుకుంటూ పోవాలి. తర్వాత మామూలు కరెంటు టేపు కాదు, సాగదీసి చుడితే తనకి తనే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టండి, వాన నీరు జారిపోయేలా కనెక్టర్‌కి ముందు కేబుల్‌ని ఒక వంపు కిందికి వదలండి.

అపోహ: పొద్దున్న వచ్చిన మెసేజ్ మధ్యాహ్నం రాలేదు, సెట్టు ఆగిపోయింది.

ఒకసారి శుభ్రంగా అందిన మెసేజ్ నంబరుని సెట్టు గుర్తుపెట్టుకుని మళ్ళీ వేయదు, అలా మూడు రోజుల దాకా గుర్తుంచుకుంటుంది. తప్పులతో అందినదాన్ని మాత్రం మళ్ళీ వేస్తుంది. రెండూ రోగాలు కావు.

అపోహ: అన్ని స్టేషన్లూ ఆన్‌లో పెట్టుకుంటే మంచిది.

మంచిది కాదు. రాత్రిపూట ఎక్కడెక్కడి దూరపు స్టేషన్ల మెసేజ్‌లు ముక్కలు ముక్కలుగా దిగుతాయి, సెట్టు కుయ్ కుయ్‌మంటూనే ఉంటుంది, విసుగొచ్చి ఎవరో సౌండు తీసేస్తారు, అసలు హెచ్చరిక వచ్చిన రాత్రి ఎవరికీ వినబడదు. సెట్టులో ఒక్కో స్టేషన్‌కి ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, కావలసినవే ఆన్‌లో పెట్టుకోవాలి. విశాఖ నుంచి వెళ్ళే బోటుకి వాకలపూడి అక్షరం క్యూ తప్పనిసరి, ఒడిశా వైపు పోతే బాలాసోర్ ఎస్, తమిళనాడు వైపు దిగితే పోర్టో నోవో ఓ. అండమాన్ వైపయితే కీటింగ్ పాయింట్ వీ. మెసేజ్ రకాలకీ ఇలాగే అక్షరాలుంటాయి, వాటిలో ఏ, బీ, డీ అంటే దారి హెచ్చరికలు, వాతావరణ హెచ్చరికలు, గాలింపు సమాచారం. వీటిని సెట్టు ఆపనివ్వదు. ఎవరైనా కుదిరితే ఆపేద్దామని అడిగినా నేను చేయను. ఇంకా, బయల్దేరేముందు గంటన్నర కాదు, కనీసం నాలుగు గంటల ముందే ఆన్ చేయండి, ఒక చుట్టు పూర్తవుతుంది.

అపోహ: అంతా ఇంగ్లీషు, మనవాళ్ళకి పనికిరాదు.

పది మాటలు నేర్చుకుంటే సరిపోతుంది. డిప్రెషన్ అంటే వాయుగుండం, డీప్ డిప్రెషన్ తీవ్ర వాయుగుండం, సైక్లోనిక్ స్టార్మ్ తుఫాను, స్క్వాలీ అంటే ఈదురుగాలి, రఫ్ సీ అంటే సముద్రం అల్లకల్లోలం. అక్షాంశం, రేఖాంశం అంకెలు జీపీఎస్‌లో ఎలాగూ రోజూ చూసేవే. ఒక్కటి జాగ్రత్త, మెసేజ్‌లో టైము యూటీసీ (ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైము) అని ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. 14:30 అని చూసి మధ్యాహ్నం రెండున్నర అనుకోవద్దు, అది మనకి రాత్రి ఎనిమిది. నేను బిగించిన ప్రతి సెట్టు పక్కనా ఈ మాటలు, పైన చెప్పిన ఆరు టైములు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అతికిస్తాను.

అపోహ: ఆపదొస్తే దీంట్లోంచి కబురు పంపొచ్చు.

పంపలేరు, ఇది వినడానికే. కబురు పంపడానికి వీహెచ్‌ఎఫ్ ఛానల్ 16, డిస్ట్రెస్ బటన్ ఉన్న పరికరం, ఫోను పలికే చోట ఉంటే కోస్ట్‌గార్డ్ 1554. ఈ అపోహ ఒక్కటి మాత్రం కలాసీల దాకా అందరికీ కూర్చోబెట్టి చెప్పండి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బోటు ఖాళీగా ఉండే ఆ 61 రోజుల్లో కనెక్టర్లు విప్పి చూపించుకోండి, జూన్ రెండో వారంలో అందరూ ఒక్కసారే పిలిస్తే నాలాంటివాళ్ళు అన్ని బోట్లూ ఎక్కలేరు.