గాపున్ పిల్లల తొలి మాట

ఏ బిడ్డయినా మొదట పలికే మాట ‘ఓకి’ అని గాపున్ ఊరి తల్లులు చెప్పేవారు. ‘ఇక నేను వెళ్తున్నా’ అని దాని అర్థం. మాటలు రాని పసివాళ్లు ఉంగా ఉంగా అంటుంటే వారి చెవికి అది అలా వినిపించేది. ఆ తరువాతి మాటలూ అటువంటివే: ‘నాకు విసుగొచ్చింది’, ‘చాలు, ఆపు’. బిడ్డ పుట్టుకతోనే మొండిఘటమని, తన ఇష్టమే తప్ప ఎవరి మాటా వినదని వారి నమ్మకం. ఈ తొలి మాటలన్నీ వారి సొంత భాష తయాప్‌లోనివి. అదే పిల్లలు పెరిగి తయాప్ మాట్లాడకుండా పోయారు. ఎందుకలా జరిగిందో తెలుసుకోవాలంటే ఈ ‘ఓకి’ దగ్గరే మొదలుపెట్టాలి.

పపువా న్యూగినీ ఉత్తర తీరంలో సెపిక్, రాము అనే రెండు నదులు సముద్రంలో కలుస్తాయి. ఆ రెండింటి దిగువ ప్రవాహాల నడుమ ఉన్నదంతా చిత్తడి అడవి. తూర్పు సెపిక్ ప్రావిన్సుకు చెందిన ఆ అడవిలో చెట్లు కొట్టి చదును చేసుకున్న చిన్న జాగా గాపున్. రోడ్డు ఉండేది కాదు, కరెంటు ఉండేది కాదు. దోనెలో వాగుల వెంట వెళ్లి, ఆపైన బురదలో నడిస్తే గానీ ఊరు వచ్చేది కాదు. 1980ల నడుమ అక్కడి జనం వంద మందికి కాస్త ఎక్కువ.

వారి అన్నం సాగో. సాగో తాటిజాతి చెట్టు. దాన్ని నరికి, మొదలు చీల్చి, లోపలి గుజ్జును దంపుతారు. దాని మీద నీళ్లు పోసి పిసికి వడగడితే అడుగున తెల్లని పిండి పేరుకుంటుంది. ఆ పిండిలో మరిగే నీళ్లు పోసి కలిపితే బంకలాంటి ముద్ద అవుతుంది. మన సగ్గుబియ్యం పేరు ఈ చెట్టుదే, ‘సాగు’ అనే మలయ్ మాట నుంచి వచ్చింది. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో తయారయ్యే సగ్గుబియ్యం కర్రపెండలం దుంప పిండితో చేసింది కాబట్టి పేరు తప్ప చెట్టు మన దాకా రాలేదు.

ఈ చిత్తడి నేల ఒకప్పుడు సముద్రం. సుమారు ఆరు వేల ఏళ్ల క్రితం సెపిక్, రాము లోయల్లోకి సముద్రం చాలా దూరం చొచ్చుకు వచ్చి ఉండేది. ఇప్పటి తీరానికి ఎంతో లోపల నత్తగుల్లల కుప్పలు బయటపడ్డాయి. గాపున్ దగ్గరి గుట్ట ఆనాడు ఒక దీవి. నదులు ఒండ్రు తెచ్చి పోయగా పోయగా సముద్రం వెనక్కి తగ్గింది, దీవి అడవిలో గుట్టగా మిగిలింది. తయాప్ భాషకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేకపోవడానికి బహుశా ఇదే కారణమని పరిశోధకుల ఊహ. చుట్టూ ఉన్న భాషలు తరువాత వచ్చిన జనంతో వచ్చి ఉంటాయి, దీవిలోని భాష పాతది అయి ఉంటుంది. 1937లో గెయోర్గ్ హోల్ట్కర్ అనే జర్మన్ మతబోధకుడు ఆ ఊరికి వెళ్లి వందకు పైగా మాటలు రాసుకొచ్చాడు. తయాప్ కాగితం మీదికి ఎక్కడం అదే మొదలు. 1970ల్లో డొనాల్డ్ లేకాక్ అనే భాషావేత్త దీన్ని ఏ కుటుంబానికీ చెందని ఒంటరి భాషగా లెక్కగట్టాడు.

ఆ భాషలో ఒక సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా రుచిస్తుంది. మనం ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బండి వచ్చింది’ అంటాం. మగవాడికి మాత్రమే క్రియ వేరు. తయాప్‌లోనూ రెండే లింగాలు, ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేనప్పుడు స్త్రీలింగమే వాడుక. పైగా అక్కడ ఆకారం కూడా లెక్కకు వస్తుంది. పెద్దగా, పొడవుగా, సన్నగా ఉన్నవి పుంలింగం వైపు, పొట్టిగా, గుండ్రంగా ఉన్నవి స్త్రీలింగం వైపు మొగ్గుతాయి. ఇక క్రియాపదాల సంగతి చెప్పనక్కర్లేదు. ‘ఆమె అతణ్ణి భుజాల మీద మోసుకుని కిందికి దింపాలనుకుంటోంది’ అన్నదంతా ఒక్క పదంలో ఇమిడిపోతుంది.

ఇంత చిన్న భాష ఎలాగూ బతకదు కదా అనేవారున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. తయాప్ ఎప్పుడూ చిన్నదే. అయినా తరాల తరబడి నిలిచింది. గాపున్ పెద్దలకు పొరుగు ఊళ్ల భాషలు కోపర్, అజోరా వచ్చేవి. నాలుగు భాషలు రావడం గొప్ప, సొంత భాష ఉండడం గుర్తింపు. ఆ దేశంలో 800కు పైగా భాషలు పుట్టింది ఈ పట్టింపు వల్ల కూడా. మోరొబె ప్రావిన్సులో సెలెపెట్ భాష మాట్లాడే ఒక ఊరివాళ్లు సమావేశం పెట్టుకుని, ‘కాదు’ అనడానికి ఇకపై ‘బియా’ అనవద్దు, ‘బుంగె’ అందాం అని తీర్మానించుకున్నారు. పక్క ఊళ్ల సెలెపెట్‌వారికి తాము వేరుగా కనబడాలని. అమలు కూడా చేశారు! అలాంటి నేల మీద ఇంకో భాష వచ్చి చేరినంత మాత్రాన ఉన్న భాష పోనక్కర్లేదు.

వచ్చిన భాష టోక్ పిసిన్. తోటల్లో కూలీల మధ్య పుట్టింది. మాటలు ఎక్కువగా ఇంగ్లీషువి, కొన్ని న్యూబ్రిటన్ దీవి తొలాయి భాషవి. విమానాన్ని ‘బలుస్’ అంటారు, అది పావురానికి తొలాయి మాట. ఆసుపత్రి ‘హౌస్ సిక్’, అంటే జబ్బు ఇల్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి గాపున్ నుంచి ఇద్దరు మగవాళ్లు అదే న్యూబ్రిటన్‌లోని రబౌల్ పట్టణం దగ్గరి కొబ్బరి తోటల పనికి వెళ్లారు. కొన్నేళ్లకు ఇనప కత్తులు, గుడ్డలతో పాటు ఈ భాషనూ ఊళ్లోకి తెచ్చారు. బయటి లోకం చూసి వచ్చిన మగవాడి గుర్తుగా అది స్థిరపడింది. తరువాత క్రైస్తవ మతం కూడా ఆ భాషలోనే వచ్చింది.

1985లో డాన్ కూలిక్ అనే మానవశాస్త్రజ్ఞుడు గాపున్‌కు వెళ్లేసరికి తయాప్ మాట్లాడేవారు సుమారు 90 మంది. పదేళ్ల లోపు పిల్లల్లో ఒక్కరూ మాట్లాడడం లేదు. ఎందుకని తల్లిదండ్రులను అడిగితే వారికీ ఆశ్చర్యమే. మేము ఆపలేదు, పిల్లలే మొండికేస్తున్నారు అన్నారు. కూలిక్ తల్లీబిడ్డల మాటలు గంటల తరబడి రికార్డు చేసి, ఒక్కొక్క వాక్యమే రాసుకుని చూశాడు. తల్లి తయాప్‌లో ఒక మాట అంటుంది. బిడ్డ పట్టించుకోకపోతే అదే మాటను టోక్ పిసిన్‌లో మళ్లీ అంటుంది. బిడ్డకు రెండోది వింటే చాలు, పని జరిగిపోతుంది. తాను అలా మాట్లాడుతున్నట్టు ఆ తల్లికే తెలియదు.

ఈ అలవాటు వెనుక ఒక లోతైన ఆలోచన ఉంది. మనిషిలో రెండు గుణాలుంటాయని గాపున్‌వారి నమ్మకం. ఒకటి ‘హెడ్’, అంటే మొండితనం. రెండోది ‘సావే’, అంటే తెలివిడి, నలుగురితో కలిసి నడిచే గుణం. ఆడవాళ్లు ఇంట్లోంచే ఊరంతా వినబడేలా తయాప్‌లో బూతులు లంకించుకుని తిట్టేవారు. దాన్ని ‘క్రోస్’ అంటారు. మగవాళ్లు మగవారి సభాగృహంలో కూర్చుని మెత్తగా, టోక్ పిసిన్ కలిపి మాట్లాడేవారు. ఆ విధంగా హెడ్, ఆడవాళ్లు, పాత కాలం, తయాప్ ఒక వైపు చేరాయి. సావే, మగవాళ్లు, చర్చి, చదువు, టోక్ పిసిన్ ఇంకో వైపు చేరాయి. ‘ఓకి’ అని పుట్టిన మొండి బిడ్డను మనిషిగా చేయాలంటే ఏ భాషలో పెంచాలో ఎవరూ నోరు విప్పి చెప్పుకోలేదు. అయినా అందరూ ఒకే దారి పట్టారు.

2010ల నాటికి ఊరి జనం సుమారు 200కు పెరిగారు, తయాప్ బాగా వచ్చినవారు 50 మంది లోపుకు తగ్గారు. 2018లో కుటుంబాల మధ్య హింస పెరిగి, గాపున్ జనం ఊరు వదిలి వొంగన్, వాటమ్, బొరోయ్ ఊళ్లకు చెదిరిపోయారు. ఆ మరుసటి ఏడాదే తయాప్ వ్యాకరణం, నిఘంటువు పుస్తకంగా వచ్చాయి.

నా మనసు మాత్రం 2009లో జరిగిన ఒక సంగతి దగ్గరే ఆగిపోతుంది. ఆ ఏడు కూలిక్ యువతీయువకులను ఒక్కొక్కరినే పిలిచి, తయాప్‌లో ఏదైనా కథ చెప్పమన్నాడు. వాళ్లకు ఆ భాష అర్థమవుతుందే గానీ నోట రాదని ఊళ్లో అందరి లెక్క. కానీ చాలామంది చెప్పారు. కొందరు తడుముకుంటూ, కొందరు ధారాళంగా. ఎన్నాళ్లుగానో విని విని వాళ్లలో ఆ భాష నిలిచి ఉంది. బయట మాట్లాడితే చిన్న తప్పుకు కూడా పెద్దవాళ్లు నవ్వుతారని సిగ్గు. కథ చెప్పడం అయ్యాక వాళ్లు లేచి వెళ్లి, స్నేహితులతో మళ్లీ టోక్ పిసిన్‌లోనే మాట్లాడుకునేవారు.