తంబుర వినిపిస్తోందా?

పాత కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగు ఎలా ఉందో తేల్చాలంటే ముందు తంబుర వినాలి. గాయకుడు ఊపిరి తీసుకునే చోట, రెండు సంగతుల (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే రూపాల) మధ్య, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. గుర్రం (తీగలు ఆనుకునే చిన్న వంతెన) మీద తీగ కింద దూర్చిన జీవాళి దారం వల్ల ప్రతి మీటుకూ పై అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు పలికే పై ధ్వనులు) ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. అవి చాలా సన్నని ధ్వనులు. టేపు హిస్సు (టేపులోంచి వచ్చే ‘స్స్’మనే చప్పుడు) కూడా ఇంచుమించు అదే స్థాయిలో ఉంటుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్‌తో రొద మరీ ఎక్కువగా తీసేస్తే రెండూ కలిసే పోతాయి. పాట ఆగిన వెంటనే తంబుర కూడా ఆగిపోయి, పాటతోనే తిరిగి వస్తుంటే, స్వరాల చివర నీళ్లలో బుడగల్లాంటి చప్పుడు వస్తుంటే, ఆ పని జరిగినట్టే. అలాంటి శుభ్రత కంటే హిస్సు ఉన్న ప్రతే ఎంతో మేలు.

తర్వాత శ్రుతి. టేపు 6 శాతం వేగంగా తిరిగితే పాట అర శ్రుతి పైకెక్కుతుంది, అరగంట ఆలాపన 28 నిమిషాల 18 సెకన్లలో అయిపోతుంది. గాయకుడి మామూలు శ్రుతి తెలిస్తే ట్యూనర్‌తో పోల్చవచ్చు. తెలియకపోతే కరెంటు హమ్ (కరెంటు వల్ల రికార్డింగులో పడే సన్నని గుయ్‌మనే శబ్దం) సాయం చేస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ (ఏ ధ్వని ఎంత ఉందో చూపే గీత) గీయించినప్పుడు ఆ గీత 53 దగ్గర కనబడితే, 50ని 53తో భాగించగా వచ్చే 0.943 వంతుకు వేగం తగ్గించాలి. వేగమూ శ్రుతీ కలిసి మారే ఎఫెక్టే వాడాలి, శ్రుతి ఒక్కటే దించితే కాలప్రమాణం (పాట నడక వేగం) తప్పుగానే మిగిలిపోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది: కచేరీ నాడు టేపుకెక్కిన హమ్ మాత్రమే సాక్ష్యం. డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు చేరిన హమ్ టేపు ఏ వేగంతో తిరిగినా 50 దగ్గరే ఉంటుంది. గ్రిడ్ కూడా కొంత ఊగేది కనుక ఒకటి రెండు హెర్ట్జ్‌ల తేడాను నమ్మలేం.

మృదంగం కుడి మూతకు మధ్యన నల్లటి కరణి ఉండబట్టే దాని అనుస్వరాలు తీగవాద్యంలోలా పూర్ణాంక గుణకాల్లో పలుకుతాయని సి.వి. రామన్ చూపించారు. అందుకే మంచి రికార్డింగులో చాపు అనే దెబ్బ కొట్టినప్పుడు తంబురతో కలిసే నాదం వినబడుతుంది. అది ఉత్త ‘టప్’మంటే తరంగ చిత్రాన్ని దగ్గరగా చూడండి. శిఖరాలు కత్తితో చెక్కినట్టు చదునుగా ఉంటే, రికార్డు చేసేటప్పుడో డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడో స్థాయి మితిమీరిందన్నమాట. తర్వాత వాల్యూమ్ తగ్గించినా ఆ కోత పూడదు. తని ఆవర్తనంలో (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో), ముఖ్యంగా దాని ముగింపుకు దారితీసే మోహరా దగ్గర, ఇది తరచూ బయటపడుతుంది.

ఫ్లాక్ (ధ్వనిలో ఏమీ పోకుండా దాచే) ఫైలు అన్నంత మాత్రాన నమ్మొద్దు. కాలంతో పాటు ధ్వనులను బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో 16 కిలోహెర్ట్జ్ పైన అంతా గీత గీసినట్టు ఖాళీగా ఉంటే, అది ఒకప్పుడు 128 కిలోబిట్ల ఎంపీ3 అయి ఉండే అవకాశమే ఎక్కువ. పాత క్యాసెట్‌లో పై ధ్వనులు తగ్గినా మెల్లగా వాలుతూ తగ్గుతాయి, హిస్సు మాత్రం ఇంకా పైదాకా కనిపిస్తూనే ఉంటుంది.