అరచేతిలో పచ్చరాయి

మనసుకు నెమ్మదినిస్తుందని చెప్పి అమ్మే ఆకుపచ్చ రాళ్ళలో ఎక్కువగా కనిపించేది గ్రీన్ అవెంచురిన్. ఒక ముక్కను అరచేతిలో పెట్టుకుని దీపం వెలుతురులో మెల్లగా తిప్పి చూడండి. ఒక కోణం దగ్గర రాతి లోపల్నుంచి సన్నటి వెండి తళుకు మెరుస్తుంది, ఇంకాస్త తిప్పగానే మాయమవుతుంది. ఆ తళుకు అభ్రకానిది. మన కాకిబంగారమే, కాకపోతే కాస్త క్రోమియం చేరి ఆకుపచ్చగా మారిన రకం. దాని పేరు ఫుక్సైట్. మిగతా రాయంతా దాదాపు పలుగురాయి, అంటే క్వార్ట్జ్. ఇసుక రేణువుల్లాంటి పలుకులు ఒకదానికొకటి బిగుసుకుపోయి, వాటి మధ్య ఈ రేకులు ఇరుక్కుని ఉంటాయి. రేకులన్నీ ఒకే వాటంగా పడుకుని ఉంటే తళుకు బాగుంటుంది, చెల్లాచెదురుగా ఉంటే రాయి వట్టి పచ్చగా, మందకొడిగా కనిపిస్తుంది.

పేరు వెనక కథ తమాషాగా ఉంటుంది. ఇటలీలో గాజు పనివాళ్ళు రాగి పలుకులతో మిలమిలలాడే ఒక గాజు చేశారు. ఇటాలియన్‌లో ‘అనుకోకుండా’ అనే అర్థమిచ్చే మాట మీద దానికి అవెంచురిన్ అని పేరొచ్చింది. ఆ గాజులా మెరుస్తోందని తర్వాత ఈ రాయినీ అలాగే పిలిచారు. నకలుకే ముందు పేరొచ్చి, తర్వాత అసలుకు ఆ పేరిచ్చిందన్నమాట.

ఇక అసలు ప్రశ్న. ఈ రాయి ఒత్తిడి తగ్గిస్తుందా? రాయి తనంతట తానుగా ఒంట్లోకి ఏ శక్తినీ పంపదు. ‘క్వార్ట్జ్ గడియారాన్ని నడుపుతుంది కదా, మనిషి మీద పనిచేయదా’ అన్న వాదన తరచూ వినిపిస్తుంది. నొక్కితే క్వార్ట్జ్‌లో విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు పియేర్, జాక్ చూపించిన మాట నిజమే. కానీ గడియారంలో ఉండేది ఒకే స్ఫటికం. దాన్ని కచ్చితమైన కోణంలో కోసి, బ్యాటరీతో కదిలిస్తేనే సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అవెంచురిన్‌లో లెక్కలేనన్ని పలుకులు తలో దిక్కుకూ తిరిగి ఉంటాయి కాబట్టి, పిసికినా ఒకదాని విద్యుత్తును ఇంకొకటి చాలావరకు రద్దు చేస్తుంది. ఊరికే పట్టుకుంటే అదీ ఉండదు.

మరి పట్టుకున్నవాళ్ళకు తేడా తెలుస్తుందంటారే? లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ బృందం 80 మందితో పరీక్షించి చూసింది. వాళ్ళలో కొందరికి అసలు స్ఫటికాలు, కొందరికి నకిలీవి ఇచ్చి ధ్యానం చేయించారు. చేతిలో గిలిగింత, వెచ్చదనం, హాయి వంటి అనుభూతులు రెండు గుంపుల్లోనూ ఒకేలా వచ్చాయి. ఏమేం అనిపించవచ్చో ముందే చెప్పినవాళ్ళకు అవి ఎక్కువగా వచ్చాయి. ఈ ఫలితాలు 2001లో వెల్లడయ్యాయి.

అంటే హాయి అబద్ధమని కాదు, దానికి కారణం రాయి అనుకోవడమే పొరపాటు. హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్చుక్ బృందం 2010లో ఐబీఎస్ అనే పేగుల సమస్య ఉన్న 80 మందితో చేసిన పరీక్ష ఇక్కడ పనికొస్తుంది. ‘వీటిలో మందేమీ లేదు’ అని ముందే చెప్పి ఉత్తుత్తి మాత్రలు ఇస్తే, మూడు వారాలకు 59 శాతం మంది తగినంత ఉపశమనం కలిగిందన్నారు. ఏమీ ఇవ్వని గుంపులో అలా అన్నవాళ్ళు 35 శాతం. నిజం తెలిసి చేసినా ఒక క్రమం, ఒక శ్రద్ధ కొంత పని చేస్తాయి. పచ్చరాయిని అలా నిజం తెలిసే వాడుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వాడుకోవడానికి అరచేతిలో ఇమిడే 4, 5 సెంటీమీటర్ల నున్నటి ముక్క చాలు. చిన్న పూస అయితే వేళ్ళకు ఆనదు. పెద్దదైతే చేయి నొప్పి పుట్టి, మనసంతా ఆ నొప్పి మీదే ఉంటుంది. రాయి ముట్టుకోగానే చల్లగా తగులుతుంది. నిజానికి దాని వేడిమి గదిలోని బల్లకున్నంతే. క్వార్ట్జ్ వేడిని మామూలు గాజు కన్నా కొన్ని రెట్లు, ప్లాస్టిక్ కన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టి చర్మానికి చలవగా తోస్తుంది. ఆ చలవ కాసేపే, గుప్పెట్లో రాయి వెచ్చబడగానే పోతుంది. అప్పుడు చేయి మార్చుకోండి.

కూర్చుని, నాలుగు సెకన్లు ముక్కుతో గాలి పీల్చి, ఆరు సెకన్లు నెమ్మదిగా వదలాలి. అంటే నిమిషానికి ఆరు శ్వాసలు. వదిలేటప్పుడు బొటనవేలిని రాతి మీద ఒక అంచు నుంచి రెండో అంచుకు జరపండి. వేలు అంచు చేరేసరికి శ్వాస పూర్తవ్వాలి. ఐదు నిమిషాలకు 30 శ్వాసలు. గుండె వేగాన్ని అదుపు చేసే వేగస్ నాడి నెమ్మది శ్వాసకు స్పందిస్తుంది, నెమ్మదించడం అక్కడి నుంచే వస్తుంది. రాయి చేసేదల్లా లెక్క తప్పకుండా చూడటం, చూపు ఫోన్ మీదికి పోకుండా ఆపడం. తల తిరిగినా, వేళ్ళు తిమ్మిరెక్కినా మీరు మరీ లోతుగా పీలుస్తున్నట్టు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల అలా అవుతుంది. మామూలు శ్వాసంతే తీసుకుని, వేగం మాత్రమే తగ్గించండి. నిద్ర లేకపోవడం, గుండె దడ వారాల తరబడి ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, మందులు వాడుతుంటే రాయి వచ్చిందని ఆపకూడదు.

చేతిలో ఉన్నది అవెంచురినేనా? పది రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు. గుండ్రటి గాలి బుడగలు కనిపించి, తళుకు ముక్క అంతటా ఒకే రీతిలో పరుచుకుని ఉంటే అది గాజు. పచ్చదనం పగుళ్ళ గీతల్లోనే చిక్కగా పేరుకుని ఉంటే రంగు వేసిన క్వార్ట్జ్. అసిటోన్ (గోళ్ళ రంగు తుడిచే ద్రవం) తడిపిన దూదితో ఓ మూల రుద్దితే కొన్ని రంగులు దూదికి అంటుతాయి. జేడ్ అనే మరో పచ్చరాయిగా చెప్పి అమ్మితే తూకం పట్టిస్తుంది. 0.1 గ్రాము చూపించే కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని దారానికి కట్టి, గ్లాసు అడుగుకు, గోడలకు తగలకుండా పూర్తిగా ముంచండి. ముంచకముందే తూచి పెట్టుకున్న రాయి బరువును అప్పుడు కాటా చూపిన అంకెతో భాగించండి. 54 గ్రాముల రాయి నీళ్ళలో 20.4 చూపిస్తే సాంద్రత 2.65 దగ్గర, అంటే క్వార్ట్జ్ జాతి. జేడ్‌లో రెండు రకాలు: అంతే బరువున్న జేడైట్ అయితే 16.4 దగ్గర ఆగుతుంది, నెఫ్రైట్ 18 చిల్లర చూపిస్తుంది. రాయి అడుగుకు తగిలితే అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. గాలి బుడగలు అంటుకుంటే సాంద్రత ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. కొన్ని గాజుల సాంద్రతా 2.6 దగ్గరే ఉంటుంది కాబట్టి గాజు సంగతి భూతద్దానికే వదిలేయండి.

శుభ్రం చేయడం తేలికే. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపి, మెత్తటి టూత్ బ్రష్‌తో అర నిమిషం రుద్ది, కడిగి, నూలు గుడ్డతో ఒత్తాలి. బ్లీచ్, ఆవిరి, నగలు కడిగే అల్ట్రాసోనిక్ యంత్రం వద్దు. మోస్ స్కేలు (1 నుంచి 10 దాకా గట్టిదనం కొలత) మీద క్వార్ట్జ్ గట్టిదనం 7 దాకా ఉన్నా, మధ్యలోని ఫుక్సైట్ రేకులది 3కు మించదు. పగుళ్ళు అక్కడి నుంచే మొదలవుతాయి. ‘శుద్ధి’ కోసం రాత్రంతా ఉప్పులో పాతిపెట్టే అలవాటుంది. క్వార్ట్జ్‌కు ఉప్పుతో పేచీ లేదు, కానీ ఉప్పునీరు రేకుల పక్క సందుల్లోకి దిగి, ఆరాక తెల్లటి మరకలు మిగులుస్తుంది. లోహపు బిగింపు ఉంటే దాన్ని తినేస్తుంది. వెన్నెల్లో పెట్టినా రాయిలో ఏ మార్పూ రాదు. ఎండకు అసలు అవెంచురిన్ రంగు వెలవదు, రంగు వేసినది వెలవవచ్చు. అన్నట్టు, పారదర్శకమైన స్ఫటిక గోళాన్ని మాత్రం కిటికీలో ఉంచకండి. అది ఎండను ఒకచోట కేంద్రీకరించి గుడ్డకో కాగితానికో నిప్పంటించగలదు.

అవెంచురిన్ పక్కన పెట్టుకునే ఇతర రాళ్ళకు ఇదే పద్ధతి చెల్లదు. మలకైట్ రాగి కార్బనేట్. నిమ్మరసం, వెనిగర్ తగిలితే మెరుపు పోతుంది, నీళ్ళలో వేసి ఆ నీళ్ళు తాగితే రాగి ఒంట్లోకి చేరవచ్చు. రాళ్ళు నానబెట్టిన నీళ్ళు అసలు తాగకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఏ రాయికి ఏ రంగు, ఏ జిగురు పూశారో కొన్నవాడికి తెలియదు. ఫ్లోరైట్ గట్టిదనం 4 మాత్రమే, పైగా నాలుగు దిక్కుల్లో తేలిగ్గా చీలుతుంది. చేయి జారిందంటే మూలలు ఊడిపోతాయి. అమెజొనైట్ ఫెల్డ్‌స్పార్ జాతిది, అదీ దెబ్బకు చీలే రకమే. వీటన్నిటినీ అవెంచురిన్‌తో ఒకే సంచిలో వేస్తే అది మిగతావాటిని గీకేస్తుంది. ఇంటి దుమ్ములోనూ క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి కాబట్టి, మెత్తటి రాళ్ళను పొడి గుడ్డతో తుడవకూడదు. ముందు నీళ్ళతో కడిగేయాలి.

అంచు పెచ్చు ఊడితే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. సిలికాన్ కార్బైడ్ వాటర్ పేపర్ (నీళ్ళతో వాడే గరుకు కాగితం, అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) 220తో మొదలుపెట్టి 400, 600, 1000 వరకు, ఒక్కో దశలో పాత గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిదానికి వెళ్ళండి. మధ్యలో ఒకటి దాటేస్తే చివర్న గీతలన్నీ బయటపడతాయి. ఆఖర్న తోలు ముక్క మీద సీరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడి వేసి రుద్దండి. మెత్తటి రేకులు క్వార్ట్జ్ కన్నా ముందు అరిగిపోయి చిన్న గుంటలు పడతాయి కాబట్టి గాజు లాంటి నునుపు రాదు. ఈ పనంతా తడిగానే జరగాలి. క్వార్ట్జ్ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దాన్ని నయం చేసే మందు లేదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అకీకు (అగేట్) రాళ్ళు సానబెట్టే కార్మికుల్ని పీడిస్తున్న జబ్బు అదే. పని అయ్యాక బల్ల మీద మిగిలిన బురదను ఆరనివ్వకుండా తడిగుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కవర్లో మూటకట్టి పారేయండి. ఆరితే అది మళ్ళీ ఊపిరితో లోపలికి పోయే పొడే.