యిర్మీయా గ్రంథం చదవబోతున్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో మీ అందరికీ శుభాలు.

ప్రవక్తలంటే జరగబోయేది చెప్పేవాళ్ళేనా, దేవుడి చిత్తం వాళ్ళకెలా తెలిసేది అని సండే స్కూల్లో అడిగారు కదా. అందరు ప్రవక్తల గురించీ ఇక్కడ రాయలేను. యిర్మీయా ఒక్కడి గురించి రాస్తాను.

ఆయనది యెరూషలేముకు దగ్గర్లోని అనాతోతు, యాజకుల కుటుంబం. దేవుడు పిలిస్తే "నేను చిన్నవాణ్ణి, నాకు మాట్లాడటం చేతకాదు" అన్నాడు. అది సుమారు క్రీ.పూ. 627. బబులోను సైన్యం యెరూషలేమును తగలబెట్టిన 586 దాకా, ఆ తరువాత కూడా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు.

ఏం మాట్లాడాడు? 22వ అధ్యాయం తియ్యండి. యూదా దేశపు రాజు యెహోయాకీము మేడ కట్టించుకుంటున్నాడు. విశాలమైన గదులు, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్రరంగు పూత. పనిచేసినవాళ్ళకు మాత్రం కూలి ఇవ్వలేదు. దేవుడు పట్టుకున్నది ఆ కూలినే. మీ నాన్న కూడా తిన్నాడు, తాగాడు, అయినా బీదవాళ్ళకు న్యాయం చేశాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అని యిర్మీయా నోట రాజును నిలదీశాడు. దేవుడి చిత్తం అనగానే మనకు మన పరీక్షలు, మన ఉద్యోగాలు గుర్తొస్తాయి. ఆయన అడిగింది కూలివాడి డబ్బులేవని. ఈ వచనాల దగ్గర ఆగకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు.

అలాంటి మాటలు రాజులకు రుచిస్తాయా? 36వ అధ్యాయంలో యిర్మీయా చెబుతుంటే బారూకు అనే ఆయన సిరాతో ఒక గ్రంథపు చుట్ట మీద రాశాడు. ఎందుకు రాయించారంటే, జనం విని చెడు మానుకుంటారేమో, అప్పుడు క్షమిస్తాను అని దేవుడి ఆశ. జరగబోయే కీడు గురించి ముందే చెప్పింది అది జరగకూడదనే! ఆ చుట్ట రాజు దగ్గరికి చేరింది. చలికాలం, ఎదురుగా కుంపటి మండుతోంది. యెహూది అనే ఆయన మూడు నాలుగు పుటలు చదివేసరికి రాజు చాకుతో ఆ ముక్క కోసి నిప్పుల్లో పడేశాడు. ముగ్గురు అధికారులు వద్దని బతిమాలినా ఆగలేదు. అలా చుట్టంతా బూడిదయింది. యిర్మీయా ఇంకో చుట్ట తెప్పించి, కాలిపోయిన మాటలన్నీ బారూకు చేత మళ్ళీ రాయించాడు. వాటికి ఇంకా చాలా మాటలు చేర్చాడు కూడా.

ఇక ఎలా తెలిసేదన్న మీ ప్రశ్న. హనన్యా అనే ఇంకో ప్రవక్త, రెండేళ్ళలో బబులోను పీడ విరగడవుతుందని దేవుడి పేరు మీదే చెప్పి, బబులోనుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడకు వేసుకున్న కాడిని లాగి విరిచేశాడు. జనం వినాలనుకున్న మాట అదే. కాడి విరిచినప్పుడు యిర్మీయా బదులు చెప్పలేదు, తన దారిన వెళ్ళిపోయాడు. హనన్యా చెప్పింది అబద్ధమన్న మాట దేవుడి దగ్గర నుంచి తరువాత వచ్చింది. నగరం కూలాక కూడా అంతే. మిగిలినవాళ్ళు వచ్చి, మేమెటు వెళ్ళాలో దేవుణ్ణి అడిగి చెప్పమన్నారు. జవాబు రావడానికి 10 రోజులు పట్టింది. జనం ప్రాణభయంతో వణుకుతున్నా, ఆయన సొంతంగా ఒక మాట అల్లి చెప్పలేదు. ఈ దేశంలోనే ఉండండి, ఐగుప్తుకు (ఈజిప్టుకు) వెళ్ళొద్దని చివరికి మాట వచ్చింది. వాళ్ళు వినలేదు. ఆయన్ని కూడా వెంటబెట్టుకుని ఐగుప్తుకే వెళ్ళారు.

వచ్చే ఆదివారానికి 22, 36 అధ్యాయాలు చదువుకుని రండి. పెద్దపిల్లలు 28, 42 కూడా చదవండి. 45వది చిన్న అధ్యాయం, ఐదే వచనాలు. మూలిగి మూలిగి అలసిపోయాను, నాకు నెమ్మది లేదని వాపోయిన బారూకుకు దేవుడు చెప్పిన మాటలవి. చిన్నదని దాటెయ్యకండి.

ప్రేమతో,
మీ తాతయ్య